పిల్లల ఆరోగ్య బీమా పరిధి పెంచితే ఖజానా మీద నిజంగా పడే భారం ఎంత? (అమెరికా చిప్ పథకం లెక్కలు)

పాలపిట్ట:
అమెరికాలో పిల్లల ఆరోగ్య బీమా పథకం చిప్ ఖర్చు గురించి ఒక లెక్క కొరుకుడు పడటం లేదు. 2007లో పరిధి పెంచాలన్నప్పుడు అయిదేళ్లకి అదనంగా 35 బిలియన్ డాలర్లు కావాలన్నారు. ఆ బిల్లుని అధ్యక్షుడు బుష్ అక్టోబరులో ఒకసారి, డిసెంబరులో ఇంకోసారి వీటో చేశారు. 2018 జనవరికి వచ్చేసరికి కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు (సీబీఓ) ఇదే పథకాన్ని పదేళ్లు పొడిగిస్తే ఫెడరల్ (కేంద్ర) ఖజానాకి 6 బిలియన్లు మిగులుతాయని రాసిచ్చింది. పిల్లల వైద్యానికి డబ్బిస్తూ పోతే మిగులు ఎక్కణ్ణించి వస్తుంది? "ఒక్కో బిడ్డకి ఇంత, ఇంతమంది పిల్లలు, గుణించండి" అని టీవీ చర్చల్లో చెప్పే లెక్క తప్పని అర్థమవుతోంది. మరి సరైన లెక్క ఎలా వేస్తారు? తెలిసినవాళ్లు మెట్టు మెట్టుగా చెప్పగలరా?

లెక్కల_పుస్తకం:
రెండు అంకెలూ సరైనవేనండి. అడిగిన ప్రశ్నలే వేరు. మొదటిది "ఇంకొంతమందిని చేర్చుకుంటే ఎంత?" అన్నది. రెండోది "ఇప్పుడున్న పథకం లేకపోతే ఈ పిల్లలు ఎక్కడికి వెళ్తారు, అక్కడ ఎంత అవుతుంది?" అన్నది. ముందు డబ్బు ఏ దారిన వస్తుందో చెప్తాను. అది తెలియకుండా మిగతాది అర్థం కాదు.

1997 నాటి బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ చట్టంలో ఈ పథకం పుట్టింది. మెడికెయిడ్‌కి (పేదలకి ఇచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) అర్హత దాటిపోయి, ప్రైవేటు బీమా కొనుక్కునే స్తోమత లేని కుటుంబాల పిల్లల కోసం పెట్టారు. పదేళ్లకి సుమారు 40 బిలియన్ డాలర్లు కేటాయించారు. ఫెడరల్ ప్రభుత్వం, రాష్ట్రం కలిసి ఖర్చు పంచుకుంటాయి. సూత్రం ఇది: మెడికెయిడ్‌లో రాష్ట్రం వాటా ఎంతో చూసి, అందులో 30 శాతం కోసేస్తారు. మెడికెయిడ్‌లో సగం సగం పంచుకునే రాష్ట్రం ఉందనుకోండి. దాని 50లో 30 శాతం అంటే 15. అది పోగా చిప్‌లో రాష్ట్రం పెట్టేది 35, ఫెడరల్ వాటా 65. పేద రాష్ట్రమై మెడికెయిడ్‌లోనే ఫెడరల్ వాటా 77 ఉంటే, రాష్ట్రం 23లోంచి 6.9 తగ్గి 16.1 మాత్రమే పెడుతుంది. ఫెడరల్ వాటాకి పైపరిమితి 85.

ఇంకో ముఖ్యమైన తేడా. మెడికెయిడ్‌లో ఎంత ఖర్చయితే అంతకీ ఫెడరల్ వాటా వస్తుంది. చిప్‌లో రాష్ట్రానికి ఏడాదికి ఇంత అని కేటాయింపు ఉంటుంది, దాన్ని రెండేళ్లలోపు వాడుకోవాలి. చిప్‌ని మెడికెయిడ్‌లో కలిపి నడిపే రాష్ట్రానికి ఆ డబ్బు అయిపోతే, మెడికెయిడ్ మామూలు వాటా చొప్పున క్లెయిమ్ చేసుకునే వీలుంది. విడిగా నడిపే రాష్ట్రానికి ఆ దారి లేదు. కొత్త దరఖాస్తులు ఆపాలి, లేదా సొంత డబ్బు పెట్టుకోవాలి.

గోరింటాకు:
ఇప్పుడు "ఇంకొంతమందిని చేర్చుకుంటే" లెక్క. ఇక్కడ అందరూ తడబడే మాట క్రౌడ్-అవుట్. పరిధి పెంచగానే వచ్చేవాళ్లంతా బీమా లేని పిల్లలు కారు. కొందరు తల్లిదండ్రుల కంపెనీ బీమాలో ఉన్నవాళ్లు, నెల నెలా జీతంలో కోత తగ్గుతుందని ఇటు మారతారు. సీబీఓ 2007 మేలో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రభుత్వ బీమాలో 100 మంది పిల్లలు పెరిగితే ప్రైవేటు బీమాలో 25 నుంచి 50 మంది తగ్గుతారు.

లెక్క చేసి చూద్దాం. ఇవి ఉదాహరణకి తీసుకున్న అంకెలు. రాష్ట్రం 10,000 మందిని కొత్తగా చేర్చుకుంది, బిడ్డకి ఏడాదికి 2,400 డాలర్లు. మొత్తం 24 మిలియన్లు. 65 శాతం వాటా చొప్పున ఫెడరల్ 15.6, రాష్ట్రం 8.4 మిలియన్లు. ఇందులో 35 శాతం మంది ప్రైవేటు బీమా వదిలి వచ్చారనుకుంటే, కొత్తగా బీమా దొరికినవాళ్లు 6,500 మందే. అప్పుడు బీమా లేని ఒక్కో బిడ్డకి బీమా ఇవ్వడానికి పడ్డ ఖర్చు 2,400 కాదు, సుమారు 3,690.

విస్తరణని వ్యతిరేకించేవాళ్లు ఈ రెండో అంకె చూపిస్తారు, సమర్థించేవాళ్లు మొదటిది. రెండూ ఒకే కాగితం మీద ఉండాలి.

ఒహైయో_ఒడ్డు:
గోరింటాకు గారూ, ఆ 3,690లో ఒక దిద్దుబాటు మిగిలింది. కంపెనీ ఇచ్చే బీమా మీద పన్ను లేదు. కుటుంబం దాన్ని వదిలేస్తే కంపెనీకి మిగిలిన డబ్బు కాలక్రమంలో జీతంగా మారుతుందని, దాని మీద పన్ను వస్తుందని సీబీఓ లెక్కలో పడుతుంది. అంటే క్రౌడ్-అవుట్ వల్ల ఖర్చు వైపు పెరిగినదాంట్లో కొంత ఆదాయం వైపు తిరిగొస్తుంది. రాష్ట్రాల లెక్కల్లో ఇది ఎక్కడా కనపడదు, ఎందుకంటే ఆ పన్నులో పెద్ద భాగం ఫెడరల్ ఖజానాకే పోతుంది.

ఇంకోటి, మారినవాళ్ల మీద పెట్టిన డబ్బు వృథా అనడం కూడా తప్పు. పేదరిక రేఖకి రెండు రెట్ల ఆదాయమున్న ఇంట్లో కంపెనీ బీమా అంటే డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యే ముందు కుటుంబం పెట్టుకోవాల్సిన మొత్తం) నిండేదాకా బిడ్డ వైద్యానికి చేతినుంచే పెట్టుకోవాలి. చిప్‌లో ప్రీమియం, కో-పే అన్నీ కలిపి కుటుంబ ఆదాయంలో 5 శాతం దాటకూడదు. ఆ ఇంటికి అది నిజమైన ఊరట.

తాటిముంజె:
ఊరట అని ఒప్పుకుంటాను, కానీ ప్రజల డబ్బు కాబట్టి గట్టిగానే అడగాలి. హవాయి సంగతి చూడండి. 2008లో బీమా లేని పిల్లలందరికీ అని కీకీ కేర్ పథకం మొదలుపెట్టి ఏడు నెలలకే ఆపేశారు. అప్పటికే తక్కువ ధరలో దొరికే వేరే బీమా వదులుకుని కుటుంబాలు ఉచిత పథకంలోకి వస్తున్నాయన్నది రాష్ట్రం చెప్పిన కారణం. బడ్జెట్ లోటు కూడా ఉంది. క్రౌడ్-అవుట్ కాగితం మీద మాటే అనుకుంటే ఇలాంటి చోట దెబ్బ తింటాం, పథకం మూతపడితే చివరికి నష్టపోయేది పిల్లలే.

దాన్ని ఆపడానికి రాష్ట్రాలు ఎన్నుకున్న పద్ధతి వెయిటింగ్ పీరియడ్. ప్రైవేటు బీమా వదిలాక కొన్ని నెలలు ఖాళీగా ఉంటేనే చిప్‌లోకి రానిచ్చేవారు. ఒబామా ఆరోగ్య చట్టం తరవాతి నిబంధనల్లో దాన్ని 90 రోజులకి కుదించారు. 2024 నిబంధనల్లో పూర్తిగా ఎత్తేశారు. వెయిటింగ్ పీరియడ్ తీసేశాక క్రౌడ్-అవుట్ పెరుగుతుందని నా అంచనా. లెక్క వేసేవాళ్లు 25 శాతం దగ్గర మొదలెట్టకుండా మధ్యలో మొదలెడితే మంచిది.

ఒహైయో_ఒడ్డు:
> వెయిటింగ్ పీరియడ్ తీసేశాక క్రౌడ్-అవుట్ పెరుగుతుందని నా అంచనా.

అంత పెరగదనుకుంటానండి. వెయిటింగ్ పీరియడ్‌కి మినహాయింపులు చాలా ఉండేవి: ఉద్యోగం పోవడం, బీమా ఖర్చు ఆదాయంలో ఫలానా శాతం దాటడం, బిడ్డకి ప్రత్యేక వైద్య అవసరం. ఒక్కో దరఖాస్తుకీ ఆ మినహాయింపు వర్తిస్తుందో లేదో చూడటానికి సిబ్బంది సమయం, కాగితాలు. చివరికి ఆగిపోయేది ఎక్కువగా కాగితం సరిగ్గా పెట్టలేనివాళ్లు. వాళ్లలో పసిపిల్లలుంటే ఆ 90 రోజుల్లో పడాల్సిన టీకాలు వెనకబడతాయి.

లెక్కల_పుస్తకం:
క్రౌడ్-అవుట్ ఎంత అన్నది ఏ ఆదాయం దగ్గర పెంచుతున్నాం అన్నదాన్ని బట్టి మారుతుంది. అంతా ఒకటే శాతం వేయడమే తప్పు. 2025 లెక్కలో నలుగురు కుటుంబానికి ఫెడరల్ పేదరిక రేఖ 32,150 డాలర్లు. దానికి రెండింతలు అంటే 64,300. అక్కడ కంపెనీ బీమా లేని ఇళ్లు చాలా ఉంటాయి. మూడింతలు, అంటే 96,450 దగ్గరికి వెళ్తే ఎక్కువ మందికి కంపెనీ బీమా ఉంటుంది. పైకి పోయేకొద్దీ కొత్తగా చేరే ప్రతి వందలో బీమా లేనివాళ్లు తగ్గిపోతారు.

2007 ఆగస్టు 17న ఫెడరల్ మెడికెయిడ్ అధికారులు రాష్ట్రాలకి రాసిన లేఖ దీని గురించే. పేదరిక రేఖకి 250 శాతం పైకి పరిధి పెంచాలంటే, ముందు 200 శాతం లోపు ఉన్న పిల్లల్లో 95 శాతం మంది చేరి ఉండాలన్నారు. ఉద్దేశం ఏదైనా, ఆ 95 శాతం రాష్ట్రాలు అందుకోగలిగింది కాదు. 2009లో ఆ లేఖని వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడాది ఫిబ్రవరి 4న ఒబామా సంతకం చేసిన చట్టం వేరే పద్ధతి ఎంచుకుంది: 300 శాతం దాటిన పిల్లలకి పెంచిన వాటా ఇవ్వరు, మెడికెయిడ్ మామూలు వాటానే. అప్పటికే అంతకన్నా పైకి వెళ్లిన న్యూజెర్సీ, న్యూయార్క్ లాంటి వాటికి మినహాయింపు ఉంది. ఇది తెలివైన పని. పెంచుకోవద్దనలేదు, పెంచుకుంటే రాష్ట్రం తన డబ్బు ఎక్కువ పెట్టాలన్నారు.

ఆ 2009 చట్టానికి సీబీఓ అంచనా: 2013 నాటికి చిప్, మెడికెయిడ్ కలిపి అదనంగా 65 లక్షల మంది పిల్లలు, అందులో 41 లక్షల మంది లేకపోతే బీమా లేకుండా ఉండేవాళ్లు. వందకి 63, అంటే క్రౌడ్-అవుట్ 37. తాటిముంజె గారు చెప్పిన మధ్య అంకెకి దగ్గరే.

పాలపిట్ట:
ఆ 41 లక్షల్లో అందరూ కొత్త అర్హత వచ్చినవాళ్లేనా?

లెక్కల_పుస్తకం:
కాదండి. విస్తరణ బిల్లుల్లో రాష్ట్రాలు ఎక్కువగా తక్కువ అంచనా వేసేది దీన్నే. వాళ్లలో ఎక్కువమంది పాత నిబంధనల ప్రకారమే అర్హులు, ఎప్పుడూ చేరలేదు. బడిలో కాగితాలు పంచి, రేడియోలో చెప్పి, దరఖాస్తు ఫారం తేలిక చేస్తే వాళ్లు బయటికొస్తారు. దీన్ని అక్కడ వెల్‌కమ్ మ్యాట్ ప్రభావం అంటారు. వాళ్లలో చాలామంది చిప్‌లోకి కాదు, మెడికెయిడ్‌లోకి వెళ్తారు. అక్కడ రాష్ట్రం వాటా 35 కాదు, 50. చిప్ బిల్లుకి డబ్బు పక్కన పెట్టిన రాష్ట్రానికి మెడికెయిడ్ పద్దులో దెబ్బ తగులుతుంది. 2009 చట్టంలో పనితీరు బోనస్‌లు పెట్టింది అందుకే. మెడికెయిడ్‌లో పిల్లల్ని అనుకున్నదానికన్నా ఎక్కువ చేర్చుకుని, నమోదు తేలిక చేసే ఎనిమిది మార్పుల్లో అయిదు అమలు చేసిన రాష్ట్రాలకి నగదు ఇచ్చారు.

గోరింటాకు:
రాష్ట్రం స్థాయిలో విస్తరణ బిల్లుకి ఖర్చు అంచనా వేసేటప్పుడు పని సాగే వరస ఇలా ఉంటుంది. అమెరికన్ కమ్యూనిటీ సర్వే నుంచి ఆ ఆదాయపు పట్టీలో ఉన్న పిల్లల్ని తీసి, బీమా లేనివాళ్లు, కంపెనీ బీమా, సొంతంగా కొన్న బీమా, ఇప్పటికే అర్హులు అని నాలుగు గంపలుగా విడగొట్టాలి. ఒక్కో గంపకీ చేరే శాతం వేరు. తరవాత నెలలు లెక్కపెట్టాలి, పిల్లల్ని కాదు. మొదటి ఏడాది పన్నెండు నెలలూ ఉండేవాళ్లు తక్కువ. నమోదు మెల్లగా ఎక్కుతుంది కాబట్టి మొదటి ఏడాది ఖర్చు చూసి "అనుకున్నదానికన్నా తక్కువే అయింది" అని సంబరపడి ప్రీమియం తగ్గించిన రాష్ట్రం మూడో ఏడాదికి ఇబ్బంది పడుతుంది.

ఆపైన వయసు. ఏడాది లోపు పసిబిడ్డ ఖర్చు వేరు, 1 నుంచి 5 వేరు, 6 నుంచి 12 అన్నిటికన్నా తక్కువ, కౌమారంలో మానసిక వైద్యం వల్ల మళ్లీ పెరుగుతుంది. నెలకి తలా ఇంత అని బీమా సంస్థలకి కట్టే రేట్లు ఈ వయసు గంపల్ని బట్టే. సగటు అంకె ఒకటి పట్టుకుని గుణిస్తే, చేరేవాళ్లలో కౌమారం వాళ్లు ఎక్కువైనప్పుడు తప్పు పడుతుంది. ఇక పాలనా ఖర్చు, ప్రచారం, మరికొన్ని చిల్లర పద్దులు కలిపి చిప్ ఖర్చులో 10 శాతం దాటకూడదని చట్టంలోనే ఉంది.

తాటిముంజె:
ప్రీమియం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నెలకి 20 డాలర్లో, 30 డాలర్లో కుటుంబం కడితే భారం తగ్గుతుంది కదా? 200 శాతం పైన ఉన్నవాళ్లకి అది మోయలేని బరువు కాదు.

గోరింటాకు:
తగ్గుతుంది, కానీ అనుకున్నంత కాదు. కుటుంబం కట్టిన ప్రీమియాన్ని మొత్తం ఖర్చులోంచి ముందు తీసేసి, మిగిలిన దానికే ఫెడరల్ వాటా ఇస్తారు. కాబట్టి 65 శాతం వాటా ఉన్న రాష్ట్రంలో కుటుంబం 20 డాలర్లు కడితే రాష్ట్రానికి మిగిలేది 7 డాలర్లు, 13 ఫెడరల్‌కి పోతుంది. ఆ 7 డాలర్ల కోసం రాష్ట్రం ప్రతి నెలా బిల్లు పంపాలి, కట్టనివాళ్లకి నోటీసు ఇవ్వాలి, తీసెయ్యాలి, మళ్లీ దరఖాస్తు పెడితే మళ్లీ పరిశీలించాలి. ఆ పని ఖర్చు 7 డాలర్లలో ఎంత తినేస్తుందో ముందు చూసుకోవాలి.

రెండో దెబ్బ ఇంకా పెద్దది. ప్రీమియం కట్టకుండా జారిపోయేవాళ్లు ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లిదండ్రులు. ఉబ్బసం ఉన్న బిడ్డ తల్లి ఎలాగైనా కడుతుంది. కొన్నాళ్లకి పథకంలో మిగిలినవాళ్ల సగటు ఖర్చు పెరుగుతుంది.

ఒహైయో_ఒడ్డు:
దీని మీదే ఫ్లోరిడా ఫెడరల్ ప్రభుత్వంతో కోర్టుకెక్కింది. 2023 బడ్జెట్ చట్టం ప్రకారం 2024 జనవరి 1 నుంచి 19 ఏళ్ల లోపు పిల్లలకి మెడికెయిడ్‌లోనూ చిప్‌లోనూ 12 నెలలు ఆపకుండా బీమా ఉండాలి. మధ్యలో ఆదాయం మారినా తీసెయ్యకూడదు. ప్రీమియం కట్టకపోయినా తీసెయ్యకూడదని ఫెడరల్ అధికారులు 2023 అక్టోబరులో వివరణ ఇచ్చారు. ఫ్లోరిడా అదే ఏడాది తన పథకాన్ని 300 శాతం దాకా పెంచే చట్టం చేసుకుంది, దాని ఖర్చు లెక్క ప్రీమియం వసూళ్ల మీద ఆధారపడింది. అందుకే 2024 ఫిబ్రవరిలో దావా వేసింది.

12 నెలల నిబంధనకి ఖర్చు ఉంది. మధ్యలో ఆదాయం పెరిగి తప్పుకోవాల్సినవాళ్లు కూడా ఏడాది పూర్తయ్యేదాకా ఉంటారు, బీమా సంస్థకి నెల నెలా కట్టాల్సిందే. ఇటువైపు తగ్గేది ఏమిటంటే, తీసేసి మూడు నెలల్లో మళ్లీ చేర్చుకునే తంతు. అలా తీసేసేవాళ్లలో నిజంగా అర్హత పోయినవాళ్లు తక్కువ, ఉత్తరం అందనివాళ్లు, కాగితం సమయానికి పంపనివాళ్లు ఎక్కువ. కోవిడ్ తరవాత 2023లో మెడికెయిడ్ అర్హత మళ్లీ పరిశీలించినప్పుడు పేరు పోయినవాళ్లలో మూడింట రెండు వంతులకి పైగా ఇలా కాగితాల కారణంగానే పోయారు. ఆ మూడు నెలల్లో బిడ్డకి జ్వరం వస్తే క్లినిక్ బదులు ఎమర్జెన్సీకి తీసుకెళ్తారు.

డల్లాస్_డాబా:
డబ్బు ఎక్కణ్ణించి తెచ్చారో కూడా చెప్పండి. సిగరెట్ పన్ను అని విన్నాను.

లెక్కల_పుస్తకం:
అవునండి, దాని కథ పెద్దది. 2009 చట్టం ఖర్చు నాలుగున్నరేళ్లకి సుమారు 33 బిలియన్లు. దాన్ని పూడ్చడానికి ఏప్రిల్ 1 నుంచి సిగరెట్ పెట్టె మీద ఫెడరల్ పన్ను 39 సెంట్ల నుంచి దాదాపు 1 డాలరు 1 సెంటుకి పెంచారు.

మొదటి చిక్కు అందరికీ తెలిసిందే: పొగతాగేవాళ్లు తగ్గుతూ పోతారు, వైద్యం ఖర్చు పెరుగుతూ పోతుంది. ఆరోగ్యానికి మంచిదే, కానీ పదో ఏడాదికి ఆదాయం గీత కిందకీ ఖర్చు గీత పైకీ పోతాయి. రెండో చిక్కు ఎవరూ సరిగ్గా ఊహించలేదు. చుట్టుకునే పొగాకు మీద పన్ను పౌనుకి 1.10 డాలర్ల నుంచి 24.78కి పెంచారు. పైపు పొగాకు మీద మాత్రం 2.83కే ఆపారు. రెండింటినీ చూసి వేరుపరచడం కష్టం. తయారీదారులు సంచి మీద పేరు మార్చి పైపు పొగాకు అని అమ్మారు. చిన్న చుట్టల బరువు కాస్త పెంచి పెద్ద చుట్టల కింద చూపించారు. 2009 ఏప్రిల్ నుంచి 2011 సెప్టెంబరు దాకా ఇలా పోయిన పన్ను 615 మిలియన్ల నుంచి 1.1 బిలియన్ డాలర్ల మధ్య ఉంటుందని ఫెడరల్ జవాబుదారీ కార్యాలయం జీఏఓ తేల్చింది. ఒక సంక్షేమ పథకానికి పన్ను ముడిపెట్టేటప్పుడు ఒకే రకం సరుకు మీద ఒకే రేటు పెట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

పాలపిట్ట:
ఇక నా అసలు ప్రశ్న. 6 బిలియన్ల మిగులు?

లెక్కల_పుస్తకం:
2017 సెప్టెంబరు 30తో చిప్ నిధులు ముగిశాయి. అయిదేళ్లు పొడిగించే బిల్లుకి సీబీఓ ఆ అక్టోబరులో వేసిన ఖర్చు 8.2 బిలియన్లు. డిసెంబరులో వచ్చిన పన్నుల చట్టం బీమా లేనివాళ్ల మీద జరిమానాని ఎత్తేసింది. జరిమానా పోతే ఆరోగ్యవంతులు మార్కెట్‌ప్లేస్ (ఒబామా చట్టం కింద సొంతంగా బీమా కొనుక్కునే అంగడి) బీమా వదిలేస్తారు, ప్రీమియంలు పెరుగుతాయి, ప్రీమియంకి ఫెడరల్ ఇచ్చే సబ్సిడీ కూడా దాంతోపాటే పెరుగుతుంది. ఇప్పుడు చిప్ లేదనుకోండి. అందులోని పిల్లల్లో కొందరు సబ్సిడీతో మార్కెట్‌ప్లేస్‌కి వెళ్తారు, కొందరు తల్లిదండ్రుల కంపెనీ బీమాలోకి, అంటే పన్ను మినహాయింపులోకి. కొందరు మెడికెయిడ్‌లో ఉండిపోతారు, మిగిలినవాళ్లకి ఏ బీమా ఉండదు. మొదటి మూడు గంపలకీ ఫెడరల్ ఖర్చు ఉంది. మార్కెట్‌ప్లేస్‌లో ఒక్కో బిడ్డకి అయ్యే సబ్సిడీ పెరిగేసరికి అయిదేళ్ల బిల్లు నికర ఖర్చు 2018 జనవరి 5 నాటికి 0.8 బిలియన్లకి పడిపోయింది.

పదేళ్లయితే మిగులెందుకంటే, ఒబామా ఆరోగ్య చట్టం చిప్‌లో ఫెడరల్ వాటాకి తాత్కాలికంగా 23 శాతం పాయింట్లు కలిపింది. ఆ అదనం 2019 దాకా పూర్తిగా, 2020లో 11.5 పాయింట్లు, తరవాత లేదు. అంటే తరవాతి ఏళ్లలో ఫెడరల్ వాటా తగ్గి, రాష్ట్రం వాటా పెరుగుతుంది. మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ అయితే మొత్తం ఫెడరల్‌దే, రాష్ట్రం పైసా పెట్టదు. ఆ ఏళ్లలో చిప్ ఫెడరల్‌కి చవక. ఎక్కువ ఏళ్లు పొడిగిస్తే ఎక్కువ మిగులు. ఫలితంగా జనవరి 22న ఆరేళ్లు, ఫిబ్రవరి 9న ఇంకో నాలుగేళ్లు, మొత్తం 2027 దాకా పొడిగించారు. తరవాత 2029 దాకా.

ఆ మిగులు ఫెడరల్‌ది మాత్రమే, దీన్ని మర్చిపోకండి. రాష్ట్రం వైపు చూస్తే ఖర్చు పెరిగింది.

తాటిముంజె:
దీనికి ఇంకో మడత ఉంది. గడువు తీరాక పథకం ఎంత ఖర్చుతో సాగుతుందని సీబీఓ అనుకుంటుందో అది చివరి ఏడాది కేటాయింపు మీద ఆధారపడుతుంది. 2015 చట్టం 2017కి 20.4 బిలియన్లు ఇచ్చింది. అందులో 14.7 బిలియన్లు ఒక్కసారికే ఇచ్చినట్టు రాసి, మిగతా 5.7 బిలియన్లు అర్ధ సంవత్సరానికి 2.85 చొప్పున రెండు ముక్కలుగా రాశారు. దాంతో ముందుముందు ఏళ్ల లెక్కలో పథకం ఏడాదికి 5.7 బిలియన్లదే అన్నట్టు కనిపించింది. 2013కి కూడా అదే 2.85, 2.85 పద్ధతి. చట్టం చేసిన రోజు చవకగా కనిపిస్తుంది, పొడిగించే రోజు భారం ఒక్కసారి మీద పడుతుంది. ఏ పార్టీ చేసినా నేను దీన్ని ఒప్పుకోను. పిల్లల పథకానికి నిజమైన ధర చెప్పి ఓటు అడగాలి.

లెక్కల_పుస్తకం:
పూర్తిగా ఏకీభవిస్తాను. దీని తోడబుట్టిన తప్పు మొదటి పదేళ్ల కేటాయింపు సూత్రంలో ఉండేది. రాష్ట్రంలో బీమా లేని పేద పిల్లలు ఎంతమంది అన్నది లెక్కలో పెద్ద భాగం. పిల్లల్ని బాగా చేర్చుకున్న రాష్ట్రంలో బీమా లేనివాళ్లు తగ్గుతారు, మరుసటి ఏడాది కేటాయింపు తగ్గుతుంది. పైగా అది చిన్న నమూనా సర్వే, చిన్న రాష్ట్రాల అంకె ఏటా ఊగేది. మొదట్లో చాలా రాష్ట్రాల్లో డబ్బు మిగిలిపోయి వేరే చోటికి మళ్లింది, తరవాత కొన్ని రాష్ట్రాలకి ఏటా కొరత. 2009లో దీన్ని మార్చి, రాష్ట్రం నిజంగా పెట్టిన ఖర్చు ఆధారంగా పెంపు కట్టారు, అనుకోకుండా నమోదు పెరిగితే ఆదుకోవడానికి విడిగా ఒక నిధి పెట్టారు.

ఒహైయో_ఒడ్డు:
నిధికి పరిమితి, రాష్ట్రానికి స్వేచ్ఛ రెండూ కలిస్తే ఏమవుతుందో అరిజోనా చూపించింది. మాంద్యంలో పన్నులు పడిపోయి 2010 జనవరి 1 నుంచి తన చిప్ పథకం కిడ్స్‌కేర్‌లో కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేసింది. అప్పటికి అందులో సుమారు 45 వేల మంది ఉన్నారు. ఏడాది ఏడాదికీ వయసు దాటి, ఆదాయం మారి వాళ్లు కరిగిపోయారు, వెయిటింగ్ జాబితా లక్ష దాటింది. పిల్లల అర్హత తగ్గించకూడదన్న ఒబామా చట్టం నిబంధన ఆ మార్చిలో వచ్చింది, అరిజోనా అప్పటికే ఆపేసింది కాబట్టి పట్టుకోలేకపోయింది. మళ్లీ 2016లో తెరిచారు. ఆ 23 పాయింట్ల అదనంతో అరిజోనాకి ఫెడరల్ వాటా నూటికి నూరు అయ్యాక.

రాష్ట్రం వాటా కింద మిగిలే కొద్ది డాలర్ల కోసం ఫెడరల్ నుంచి రావాల్సిన పెద్ద మొత్తాన్ని వదులుకుని పిల్లల్ని ఆరేళ్లు బయట ఉంచారు. నా దృష్టిలో అన్నిటికన్నా ఖరీదైన నిర్ణయం అదే.

డల్లాస్_డాబా:
మన తెలుగువాళ్ల ఇళ్లలో తరచూ వచ్చే ప్రశ్న. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి చిప్ ఉంటుందా? గ్రీన్‌కార్డుకి అడ్డం వస్తుందా?

గోరింటాకు:
ఇక్కడ పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడే, ఇంటి ఆదాయం పరిమితి లోపు ఉండి, వేరే బీమా లేకపోతే చాలు, తల్లిదండ్రుల వీసా అడ్డు కాదు. ఇండియాలో పుట్టి హెచ్-4 మీద వచ్చిన బిడ్డకి రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. 2009 చట్టంలో 214వ సెక్షను, చట్టబద్ధంగా నివసించే పిల్లల్ని అయిదేళ్లు ఆగకుండా చేర్చుకునే వెసులుబాటు రాష్ట్రాలకి ఇచ్చింది. దాన్ని తీసుకున్న రాష్ట్రంలో చెల్లుబాటయ్యే వీసా ఉన్న బిడ్డ లెక్కలోకి వస్తుంది. నిజానికి హెచ్-1బి జీతాలు చాలా చోట్ల పరిమితి దాటిపోతాయి. ఉద్యోగం పోయిన ఇళ్లకే ఈ ప్రశ్న ముఖ్యం.

పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారని గ్రీన్‌కార్డు నిరాకరించే నిబంధన) సంగతి: కఠినమని పేరుపడ్డ 2019 నిబంధనలో కూడా చిప్‌ని లెక్కలోకి తీసుకోలేదు, 21 ఏళ్ల లోపు పిల్లల మెడికెయిడ్‌నీ తీసుకోలేదు. అయినా భయంతో అర్హులైన పౌర పిల్లల పేర్లు కూడా తల్లిదండ్రులు తీయించుకున్నారు. ఈ నిబంధనలు ప్రభుత్వంతో పాటు మారుతుంటాయి. దరఖాస్తు పెట్టే రోజున అమల్లో ఉన్నదేమిటో ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి. వాట్సాప్ గ్రూపుల మాట విని బిడ్డ బీమా తీసేయకండి.

పాలపిట్ట:
ఇదే లెక్క మన ఆరోగ్యశ్రీకి వేసి చూడొచ్చా?

ఒహైయో_ఒడ్డు:
నేరుగా కుదరదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకి ప్యాకేజీ కట్టి చెల్లించేది. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు ఆపరేషను దానికి తగినది. చిప్ ఖర్చులో పెద్ద భాగం రోజువారీ డాక్టరు సందర్శన, టీకా, పళ్ల వైద్యం, కళ్లద్దాలు. అక్కడ తలకి నెలకి ఇంత, ఇక్కడ కేసుకి ఇంత. క్రౌడ్-అవుట్ కూడా మన దగ్గర వేరే రూపంలో ఉంటుంది, వదులుకోవడానికి కంపెనీ బీమా ఉన్న పేద ఇళ్లు తక్కువ. దానికి వేరే చర్చ తెరవండి.

తాటిముంజె:
ఇంతసేపూ ఖర్చు వైపు నిలబడి మాట్లాడాను కాబట్టి రాబడి సంగతి కూడా నేనే చెప్తాను. 1980, 90ల్లో మెడికెయిడ్, చిప్ అర్హత పెరిగిన పిల్లల్ని పెద్దయ్యాక పన్నుల శాఖ రికార్డుల్లో వెతికి చూసిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. వాళ్లు పెద్దయ్యాక ఎక్కువ పన్ను కట్టారు, పన్ను రాయితీ సాయం తక్కువ తీసుకున్నారు. 60 ఏళ్లు వచ్చేసరికి ప్రభుత్వం పెట్టిన ప్రతి డాలరులో 56 సెంట్లు పన్నుల రూపంలో తిరిగొస్తాయని వాళ్ల అంచనా. హార్వర్డ్ ఆర్థికవేత్తలు 2020లో 133 ప్రభుత్వ విధానాలు పోల్చినప్పుడు పిల్లల ఆరోగ్యం, చదువు మీద పెట్టినవే తమ ఖర్చు తాము రాబట్టుకునే వరసలో ముందున్నాయి. సీబీఓ కూడా 2023లో ఒక పత్రంలో, పిల్లల మెడికెయిడ్ ఖర్చులో సగం లేదా అంతకన్నా ఎక్కువ దీర్ఘకాలంలో పూడవచ్చని రాసింది.

కానీ బిల్లు మీద వేసే ముద్ర పదేళ్ల లెక్కకే. ఈ రోజు రెండేళ్ల బిడ్డ పన్ను కట్టేది ఇరవై ఏళ్ల తరవాత, అదీ ఎక్కువగా ఫెడరల్‌కి. ఈ రోజు 35 సెంట్లు పెట్టిన రాష్ట్రానికి అందులో వచ్చేది కొద్దే, ఆ బిడ్డ పెద్దయి వేరే రాష్ట్రానికి వెళ్లిపోతే అదీ లేదు. అందుకే రాష్ట్రాలు వెనకాడతాయి. వాటా ఎక్కువగా ఫెడరల్ పెట్టడం దయతో కాదు, రాబడి ఎవరికి వస్తుందో వాళ్లే పెట్టుబడి పెట్టాలన్న న్యాయం అది. ఆ 23 పాయింట్లు తీసేయడం పొరపాటని అందుకే అంటాను.

లెక్కల_పుస్తకం:
తాటిముంజె గారూ, 23 పాయింట్ల దగ్గర ఒక్క మాట. ఆ అదనం వచ్చినప్పుడు చాలా రాష్ట్రాలు పరిధి పెంచలేదు, తమ వాటా తగ్గించుకుని మిగిలిన డబ్బు వేరే పద్దులకి వాడుకున్నాయి. అరిజోనా తెరిచింది నిజమే. మళ్లీ ఇస్తే, కొత్తగా చేరిన పిల్లల మేరకే ఇస్తామని రాయాలి. లేకపోతే ఫెడరల్ ఖర్చు పెరుగుతుంది, బీమా లేని పిల్లల సంఖ్య మాత్రం కదలదు.

తాటిముంజె:
ఒప్పుకుంటున్నాను. "కొత్తగా చేరిన" అంటే ఏ నెల నమోదుతో పోల్చాలో కూడా బిల్లులోనే రాయాలి. 2009 బోనస్‌లకి 2007 నమోదుని ఆధారంగా పెట్టి, జనాభా పెరుగుదలకి ఏటా కొంత కలిపారు. ఆ పద్ధతే తీసుకోవచ్చు.